ఎడమ పక్క ఎవరిది?

నాకు ముప్పై ఆరేళ్లు. రిటైరయ్యానంటే మా వీధిలో ఎవరూ ఒప్పుకోరు. ఎదురింట్లో రైల్వేలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన నన్ను కూర్చోబెట్టి, "పింఛనొస్తాదా?" అని అడిగారు. రాదన్నాను. "అట్లయితే దాన్ని రిటైర్మెంటనరబ్బా, పని పోయిందంటారు" అని తేల్చేశారు.

ఆయన మాట కాదనలేను. నేను పద్నాలుగేళ్లు జీతానికి ఫుట్‌బాల్ ఆడాను. అందులో పదకొండేళ్లు ఎడమ పక్క వింగర్‌ని. వింగర్ అంటే మైదానం అంచున, సున్నపు గీత పక్కన పరిగెత్తేవాడు. బంతి అందుకోవాలి, అడ్డొచ్చినవాణ్ణి దాటాలి, గోలు ముందున్న మనవాడికి అందించాలి, సందు దొరికితే తనే కొట్టాలి. ప్రేక్షకులకు అందరికంటే దగ్గరగా ఆడేది వాడే కాబట్టి చప్పట్లు వాడికే ముందు వినపడతాయి, తిట్లూ అంతే. నేను చప్పట్లు మాత్రమే వినడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు హిందూపురంలో ఒక బడిలో ఆటల మాస్టర్ని. పిల్లలు నన్నెప్పుడూ గోల్స్ గురించే అడుగుతారు. ఎన్ని కొట్టావు సార్, ఏది బాగా కొట్టావు సార్ అని. చెబుతాను. కానీ ఆటలోకి రావాలనుకునే మీలాంటివాళ్లకు చెప్పవలసింది నేను కొట్టిన గోలు గురించి కాదు. మాకు పడిన ఒక గోలు గురించి.

మా నాయన హిందూపురంలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. బెంగళూరు క్లబ్బువాళ్లు నన్ను తీసుకున్నారని చెప్పిన రోజు ఆయన చేతిలో సూది ఆగిపోయింది.

"ఉరికేదానికి జీతమిస్తారా? యాడికి ఉరకల్ల?"

"యాడికీ లేదు నాయనా. ఈ కొస నుంచి ఆ కొసకు."

"పోయినోడు మళ్లా ఈ కొసకు రావల్ల గదా?"

"నా పని ముందుకు పోయేదే నాయనా. వెనకాల వేరేవాళ్లుంటారు."

ఆయన కాసేపు ఆలోచించి, "మంచి పనే దొరికె" అని మళ్లీ కుట్టుపనిలో పడ్డాడు.

ఆ వెనకాల ఉండే వేరేవాడు ధర్మవరం మనిషి. నాకంటే ఏడేళ్లు పెద్ద. వాళ్లది మగ్గాల ఇల్లు, పట్టుచీరలు నేస్తారు. మా జట్టులో ఎడమ పక్క డిఫెండర్ ఆయన. నేను ముందు, ఆయన నా వెనక. నేను బంతి పోగొట్టుకుంటే దాన్ని తిరిగి తెచ్చే బాధ్యత ఆయనది. ఎదుటి జట్టువాళ్లు మా పక్క నుంచి దూసుకొస్తే అడ్డుపడేదీ ఆయనే. పద్ధతి ప్రకారం వింగర్ కూడా వెనక్కి పరిగెత్తి ఆయనకు సాయం చేయాలి. నేను చేసేవాణ్ణి కాదు. మధ్యగీత దగ్గర నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆయన బంతి ఎప్పుడు గెలిచి నాకిస్తాడా అని చూసేవాణ్ణి.

"రేయ్, వెనక్కి రారా!" అని అరిచేవాడు. మ్యాచికి పదిసార్లు అరిచేవాడేమో. నేను ఒకసారి వచ్చేవాణ్ణి. ఆయన కోచ్‌కి మాత్రం ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. తర్వాతి బంతి మళ్లీ నాకే ఇచ్చేవాడు, సరిగ్గా నా కాలికి పడేటట్టు.

ఆయన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి. ఆరు సీజన్లు ఒకే గదిలో ఉన్నాం. రంజాన్ నెలలో నేను ఉపవాసముండి ప్రాక్టీసుకు వస్తే, ఆయన నా ఎదుట మంచినీళ్లు తాగేవాడు కాదు. బాటిల్ పట్టుకుని గోడ చాటుకు పోయేవాడు. వద్దన్నా అని ఎంత చెప్పినా వినలేదు. పొద్దుగూకే వేళకు ఆయన బ్యాగులో ఖర్జూరాలు ఉండేవి. ఎక్కడ కొనేవాడో తెలియదు కానీ అన్నీ గట్టివే. నమిలేసరికి దవడ నొప్పి పుట్టేది. ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

సెలవు దొరికితే ఇద్దరం ఒకే రైలెక్కేవాళ్లం. నేను హిందూపురంలో దిగిపోతే, ఆయన పెనుకొండ దాటి ధర్మవరం దాకా పోయేవాడు. ఆ రైల్లో ఆయన నాకు చెప్పని సంగతి లేదు. పెళ్లయిన కొత్తలో వదినకు ఆఫ్‌సైడ్ నిబంధన చెప్పబోయి ఆ పూట అన్నం లేకుండా పడుకోవడం దగ్గర నుంచి, మోకాలి నొప్పి దాకా.

మోకాలు ఆయనకు ముప్పై అయిదు దాటాక మొదలైంది. మొదట్లో మ్యాచి మర్నాడు మాత్రమే నొప్పి ఉండేది. ఆ చివరి సీజన్‌లో రోజూ ఉండేది. పొద్దున లేవగానే ఐసు గడ్డలు గుడ్డలో చుట్టి కట్టుకునేవాడు. మెట్లు పక్కవాటంగా దిగేవాడు. కోచ్ కనబడితే మాత్రం తిన్నగా నడిచేవాడు. ఆ నడక ఎంత కష్టమో నాకొక్కడికే తెలుసు.

ఆ సీజన్ మాకు బాగా లేదు. ఆఖరి మ్యాచి వచ్చేసరికి పట్టికలో అడుగు నుంచి రెండో స్థానంలో ఉన్నాం. మ్యాచి డ్రా అయినా చాలు, ఉన్న డివిజన్‌లోనే ఉంటాం. ఓడితే కింది డివిజన్‌కు దిగిపోతాం. దిగిపోతే సగం మంది ఇంటికి పోవాలి.

అన్నకు ఇంకో లెక్క కూడా ఉండింది. జట్టు నిలబడితే వచ్చే ఏడు పిల్లల జట్టుకు ఆయన్ని కోచ్‌గా పెట్టుకుంటామని క్లబ్బువాళ్లు మాటిచ్చారు. ఆటగాడిగా అదే చివరి సీజనని ఆయనకూ తెలుసు.

మ్యాచికి రెండు రోజుల ముందు కోచ్ నన్నొక్కణ్ణే పిలిచాడు. ఆయన మలయాళీ. మాటలు తక్కువ, చూపు ఎక్కువ.

"అతని మోకాలు ఎలా ఉంది? నువ్వు అతని గదిలోనే ఉంటావు. ఆడించమంటావా, పక్కన కూర్చోబెట్టమంటావా?" అని అడిగాడు.

ఆ పొద్దున్నే అన్న మంచం మీద కూర్చుని మోకాలికి కట్టు కట్టుకుంటూ నాతో ఒక మాటన్నాడు. "ఈ ఒక్క మ్యాచి ఆడల్ల రా. నేను బయట కూర్చోనుంటే టీం నిలబడినా నాకు ఉద్యోగం దానం చేసినట్టుంటాది. లోపలుండి నిలబెట్టల్ల." ఆయన నన్ను అబద్ధం చెప్పమని అడగలేదు. అసలు ఏమీ అడగలేదు.

నేను కోచ్‌తో నిజమే చెప్పాను, సగం. "మోకాలు బాగాలేదు సార్. కానీ ఆడించండి. ఆయన పని కూడా నేను చూసుకుంటాను. తొంభై నిమిషాలూ వెనక్కి వస్తాను."

"నువ్వా?" అన్నాడు కోచ్.

"మాటిస్తున్నాను సార్."

ఆయన చాలాసేపు నా మొహం చూసి, తల ఊపాడు.

మ్యాచి మధ్యాహ్నం మూడున్నరకు. ఎండ ఇంకా తగ్గలేదు. నేను ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, డెబ్భై నిమిషాల పాటు నా జీవితంలో ఎన్నడూ పరిగెత్తనంత వెనక్కి పరిగెత్తాను. ఎదుటివాళ్ల కుడి వింగర్ ఇరవై ఏళ్లవాడు, లేడిపిల్లలాంటివాడు. వాడు బయల్దేరిన ప్రతిసారీ ముందు నేను అడ్డుపడ్డాను, నన్ను దాటితే అన్న కాచుకున్నాడు. విరామం వేళకు చెరొక గోలుతో సమంగా ఉన్నాం. డ్రెస్సింగ్ రూముకు పోతుంటే అన్న నా మెడ మీద చెయ్యేసి, "ఏమబ్బా, ఎవురో కొత్తోడు వచ్చినాడే మన టీంలోకి" అని నవ్వాడు.

అంతవరకూ బాగానే ఉంది. పాడుచేసింది ఒక చిన్న కబురు. విరామంలో మావాడొకడు నా చెవిలో వేశాడు: పెద్ద డివిజన్ క్లబ్బు నుంచి ఒకాయన వచ్చి స్టాండులో కూర్చున్నాడు, ఎడమ వింగర్ కోసం వెతుకుతున్నారట. అంతే. అది నిజమో కాదో ఈరోజుకీ నాకు తెలియదు. ఆ మనిషిని నేను చూడలేదు. కానీ రెండో సగమంతా ఆయన నన్ను చూస్తున్నాడనే అనుకున్నాను. చూసి ఏమనుకుంటాడు? వెనక్కి వెనక్కి పరిగెత్తే వింగర్‌ని ఎవరు కొనుక్కుపోతారు?

ఇంకా పది పన్నెండు నిమిషాలుండగా అన్న ఒక బంతి గెలిచి నాకు తోశాడు. "పట్టుకో, పట్టుకో, నిదానం" అని అరిచాడు. అప్పుడు చేయవలసిన పని, బంతిని దగ్గర పెట్టుకుని కాలం గడపడం. డ్రా చాలు మాకు. నేను ముందుకు దూకాను. ఒకణ్ణి దాటాను, ఇంకొకణ్ణి దాటాను. స్టాండులో అరుపులు. కుడి పక్క మావాడు చేతులెత్తి ఖాళీగా నిలబడి ఉన్నాడు. వాడికివ్వకుండా, గోలు కొట్టడానికి వీల్లేని మూల నుంచి నేనే కొట్టాను. వాళ్ల గోల్‌కీపర్ అవలీలగా పట్టుకున్నాడు.

పట్టుకున్న మరుక్షణమే దూరంగా విసిరాడు. బంతి ఆ లేడిపిల్ల ముందు పడింది. వాడికి తోడు ఇంకొకడు. మా ఎడమ పక్కన అన్న ఒక్కడే.

అప్పుడు నేనేం చేస్తున్నానో మీకు చెప్పాలి. కాలు జారిందనీ, తోశారనీ చెప్పుకోవచ్చు. అవేమీ జరగలేదు. నేను రిఫరీ వైపు చేతులు చాపి, నన్ను వెనక నుంచి తోశారని ఫౌల్ అడుగుతున్నాను. ఎవరూ తోయలేదు. ఊరికే కొట్టిన బంతికి ఒక సాకు కావాలి, స్టాండులో కూర్చున్నాయన చూడడానికి. వెనక్కి తిరిగి చూసేసరికి అన్న వాళ్లిద్దరి మధ్య పడి ఉన్నాడు. ఒకణ్ణి ఆపబోతే రెండోవాడికి బంతి పోయింది. లేవబోయాడు. మోకాలు లేవనివ్వలేదు. ఆయన అలా చేతుల మీద లేస్తూ చూస్తుండగానే బంతి మా గోల్లో పడింది.

ఆ తర్వాత మిగిలిన కాసేపూ ఏమాడామో గుర్తులేదు. ఓడిపోయాం. దిగిపోయాం.

డ్రెస్సింగ్ రూములో కొత్తగా వచ్చిన కుర్రవాళ్లలో ఒకడు తువ్వాలు మొహాన కప్పుకుని ఏడుస్తున్నాడు. కోచ్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అరవలేదు.

"ఎడమ పక్క ఎవరిది?" అని అడిగాడు.

నేను బూటు లేసులు విప్పుతున్నాను. ఆ ముడి ఎప్పుడో ఊడింది. అయినా తల ఎత్తలేదు.

"నాది సార్" అన్నాడు అన్న. "నా కాలు లేవలేదు. నేను ఆడకూడదు, ఆడినాను."

కోచ్ కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆయన ఇంకెవరైనా మాట్లాడతారేమోనని ఆగినట్టు నాకు తర్వాత అనిపించింది. నేను రెండో బూటు విప్పడం మొదలుపెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే ఒకే రైలెక్కాం. అన్న చిత్రాన్నం పొట్లాలు రెండు తెచ్చాడు. ఒకటి నాకిచ్చాడు. నేను తిన్నాను. అదే ఇప్పటికీ ఆశ్చర్యం, పూర్తిగా తిన్నాను. కిటికీలో నుంచి చూస్తూ ఆయన వర్షాల గురించి, వేరుశనగ గురించి మాట్లాడాడు. నేను ఊ కొట్టాను. ఒక్కసారి "అన్నా" అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. నేను పొట్లం కాగితం మడత పెట్టాను. "దిగు, మీ ఊరొచ్చె" అన్నాడు.

మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. పెద్ద క్లబ్బు నుంచి ఎవరూ పిలవలేదు. అన్నను క్లబ్బులో ఉంచుకోలేదనీ, పిల్లల జట్టు పని కూడా ఇవ్వలేదనీ ఎవరో ఫోన్ చేసి చెప్పారు. నా ఒప్పందం ఇంకో రెండేళ్లుంది. మా నాయన నన్ను ఏమీ అడగలేదు కానీ, ఒకరోజు పరుపు కుడుతూ, "ఏమిరా, గుడ్లగూబ మాదిరి కూర్చోనుండావు. ఎవురితోనన్నా కొట్లాడినావా?" అన్నాడు. కొట్లాడలేదు నాయనా అన్నాను. "కొట్లాడింటే నయం. పోయి మాట్లాడుకోని రా" అన్నాడు.

ధర్మవరం పోయాను. వాళ్ల ఇంటికి అంతకుముందు చాలాసార్లు పోయాను కాబట్టి సందు తెలుసు. అన్న ఇంట్లో లేడు, తాడిమర్రి దగ్గర చుట్టాల ఇంటికి పోయాడట. వదిన మగ్గంలో కూర్చుని ఉంది. ఎప్పుడు పోయినా మగ్గం ఆపి, "రాప్పా, నీళ్లు తాగు" అనే మనిషి. ఆరోజు ఆపలేదు. కాళ్లు తొక్కుతూనే ఉంది. చేతులు నేస్తూనే ఉన్నాయి. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"మీ అన్న ల్యా" అంది.

"ఎప్పుడొస్తాడు వదినా?"

"తెల్దు."

తర్వాత తల తిప్పకుండానే అంది, "నేనొక మాట అడుగుతా. ఆ పొద్దు ఫోన్లో మ్యాచి చూసినా. ఆయప్ప కిందపడ్న్యప్పుడు నువ్వు యాడుండావు?"

నేను చెప్పులు వదలబోయి ఆగిపోయాను.

"నాకు మీ ఆట తెల్దప్పా. ఎవురు యాడ నిలబడల్లనో తెల్దు. కానీ మనిషి కింద పడితే అగుపడ్తాది గదా. నువ్వు చేతులు చాపుకోని ఎవురితోనో మాట్లాడ్తాండావు. ఆయప్పనడిగినా, ఆ పిల్లోడు యాల రాల్యా అని. గమ్మునుండు, నీకు తెల్దు అన్యాడు. నాకు తెల్దు, నిజమే. నువ్వు చెప్పు, తెలుసుకుంటా."

"నేను పోవాల్సింది వదినా. పోలేదు" అన్నాను.

అప్పుడు మగ్గం ఆగింది. ఆమె నా వైపు తిరిగి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆ మాట ఈడ చెప్తే ఏమొస్తాది? యాడ చెప్పల్లనో ఆడ చెప్పు పో" అంది. మళ్లీ తానే, "నీళ్లు తాగి పో" అంది.

నేను ఆ రోజే బెంగళూరు పోయి, మర్నాడు పొద్దున కోచ్ ఇంటి తలుపు తట్టాను. నిలబడే చెప్పాను. ఎడమ పక్క నాది సార్, నేను మాటిచ్చి తప్పాను, ఆయన నా పేరు చెప్పకుండా తన మీద వేసుకున్నాడు అని. కోచ్ లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు.

"నేను మ్యాచి చూస్తూనే ఉన్నాను కదా" అన్నాడు. "నువ్వు ఎక్కడున్నావో ఆ రోజే తెలుసు."

"మరి ఆయన్ని ఎందుకు తీసేశారు సార్?"

"మోకాలు చూసి క్లబ్బు తీసేసింది. అది నా చేతిలో లేదు. పిల్లల జట్టు కోసం అడిగాను. దిగిపోయిన క్లబ్బుకు పిల్లల జట్టే లేదు పొమ్మన్నారు. నువ్వు ఆ రోజే చెప్పినా అంతే జరిగేది." ఆ మాటతో నాకు కాస్త ఊపిరి ఆడింది. ఆయన అది గమనించాడనుకుంటాను. "కానీ అతను ఆ డ్రెస్సింగ్ రూములోంచి వేరేలా బయటికి పోయేవాడు" అన్నాడు.

ఆ వాక్యం ఇప్పటికీ నా దగ్గరుంది.

లేచి వస్తుంటే ఆయన ఇంకో మాట చెప్పాడు. వచ్చే సీజన్ నేను వింగర్‌ని కాదు, ఎడమ డిఫెండర్‌ని. శిక్షా సార్ అని అడిగాను. "శిక్ష కాదు. నీ వేగం పోయి ఏడాదయింది. నీకొక్కడికే తెలియదు" అన్నాడు. ఇంత మర్యాదగా నన్నెవరూ అంతకుముందు కొట్టలేదు.

అన్నను మళ్లీ కలిసింది పెనుకొండలో. అప్పటికి ఆయన పెనుకొండ పక్కన ఒక ఫ్యాక్టరీలో పనివాళ్లను తీసుకెళ్లే బస్సు నడుపుతున్నాడు. క్లచ్చు తొక్కడానికి ఎడమ కాలు బాగానే ఉంది, నొప్పంతా కుడికాలే అని నవ్వుతూ చెప్పాడు. బస్టాండు దగ్గర టీ తాగుతూ అంతా చెప్పాను. కోచ్ దగ్గరికి పోయిన సంగతి కూడా.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు పెద్ద తప్పు చేసినావని మోసుకోని తిరుగుతాండావు. నేనూ ఒకటి చెప్పల్ల, విను. నువ్వు వెనక్కి వచ్చింటే ఆ గోలు పడకపోయుండునేమో. సరే. కానీ నా కాలు బాగుండింటే నువ్వు రాకపోయినా పడకపోయుండు. నాకు తెలిసే ఆడినా. ఆశ నీకొక్కడికే కాదబ్బా ఉండేది. అందుకే 'నాది' అన్యా. నిన్ను కాపాడల్లని కాదు."

"నా భాగం నేను చెప్పింటే బాగుండు అన్నా."

"బాగుండు" అన్నాడు. అబద్ధం చెప్పి ఓదార్చలేదు. ఆయనలో నాకు నచ్చేదదే. "రైల్లో చెప్తావేమో అని చూసినా. హిందూపురం దాకా చూసినా. ఇంగ చిత్రాన్నం నీకిచ్చి తప్పు చేసినా అనిపించె."

ఇద్దరం నవ్వాం. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన టీ కొట్టువాణ్ణి ఇంకో రెండు అడిగాడు.

ఆ సెలవులంతా నేను రోజూ పెనుకొండ పోయేవాణ్ణి. మధ్యాహ్నం ఆయన డ్యూటీ దిగగానే, కొండ కింద ఒక బడి మైదానంలో నాకు డిఫెండర్ పని నేర్పించాడు. ముందుకు పరిగెత్తే పని చిన్నప్పటి నుంచి వచ్చు. వెనక్కి, పక్కవాటంగా, ఎదుటివాడి మీద కన్ను తీయకుండా పరిగెత్తడం నడక మళ్లీ నేర్చుకున్నట్టుగా ఉండేది. మొదటి రోజే మూడుసార్లు కూలబడ్డాను. "బంతిని చూడద్దు. బంతి మోసం చేస్తాది. వాని నడుం చూడు, నడుం అబద్ధం చెప్పదు" అనేవాడు. కుర్చీలో కూర్చుని, చేత్తో చూపించి అరిచేవాడు. నేను సరిగ్గా చేస్తే ఏమీ అనేవాడు కాదు. అదే మెచ్చుకోలు.

కింది డివిజన్‌లో మూడేళ్లు ఎడమ డిఫెండర్‌గా ఆడాను. మొదటి మ్యాచిలో నా వైపు నుంచే రెండు గోల్స్ పడ్డాయి. నా ముందు ఆడే కొత్త వింగర్ మధ్యగీత దగ్గర హాయిగా నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూస్తే నాకు కోపం కాదు, సిగ్గేసింది. పదకొండేళ్లు నా వెనక ఎంత మైదానం ఖాళీగా ఉండేదో అప్పుడు తెలిసింది. క్రమంగా పని పట్టుబడింది. నేను గొప్ప డిఫెండర్ని కాలేదు. నమ్మదగ్గవాణ్ణి అయ్యాను. నా ఆట గురించి నాకు గర్వమున్నది ఆ మూడేళ్ల మీదే, ఒక్క గోలు కూడా కొట్టని మూడేళ్ల మీద.

నా ఆఖరి మ్యాచికి అన్న, వదిన బెంగళూరు వచ్చారు. వదిన నిజం మైదానం చూడడం అదే మొదటిసారి. మ్యాచి అయ్యాక కిందికి దిగి గీత దగ్గరికి వచ్చి, ఆ కొసకూ ఈ కొసకూ కాసేపు చూసింది. "ఇంత దూరమా! ఫోన్లో జానెడు అగుపడె" అంది. తర్వాత నా వైపు చూసి, "ఆ పొద్దు నీకు కూడా ఆయాసం వచ్చిండాదేమో లే" అంది.

"ఆయాసం కాదు వదినా" అన్నాను.

"తెలుసు లేప్పా. ఊరికే అన్యా" అని చెంగుతో నా మొహం మీది చెమట తుడిచింది, జనమంతా చూస్తుండగా.

ఇప్పుడు అన్న బస్సు నడుపుతూనే, ఆదివారాలు ధర్మవరంలో ఆడపిల్లల జట్టుకు ఆట నేర్పుతున్నాడు. ఎక్కువమంది మగ్గాల ఇళ్ల పిల్లలు, కొందరు బత్తలపల్లి నుంచి బస్సులో వస్తారు. ఏడాది కిందట ఫోన్ చేసి, "నాకు గోలు ఆపేదే తెలుసు, కొట్టేది తెల్దు. పిల్లోళ్లు అన్ని మ్యాచులూ సున్నాకు సున్నా ఆడి వస్తాండారు. నువ్వు రావల్ల" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున హిందూపురంలో రైలెక్కుతున్నాను. మేమిద్దరం గీత బయట నిలబడి చెరొకటి అరుస్తాం. నేను ముందుకు పొమ్మంటాను, ఆయన నిలబడమంటాడు. పిల్లలు మా ఇద్దరి మాటా వినకుండా చక్కగా ఆడతారు.

పోయిన నెల ఒక మ్యాచిలో మా ఎడమ వింగర్ పిల్ల వెనక్కి రాక గోలు పడింది. అందరూ దాన్ని తిడుతున్నారు. నేను పిల్లలందర్నీ నేల మీద కూర్చోబెట్టి, మీకిప్పుడు చెప్పిన ఈ కథంతా చెప్పాను. అన్న ఎదుట బయటివాళ్లకు చెప్పడం అదే మొదటిసారి. ఆయన దూరంగా అటు తిరిగి నిలబడి, ప్రాక్టీసుకు గుర్తుగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లు ఏరుతున్నట్టు నటించాడు.

కథ అయ్యాక ఆ వింగర్ పిల్ల చెయ్యెత్తింది.

"అంటే మీ టీం దిగిపోయింది నీ వల్లనా సార్?"

"అవునమ్మా."

అది అన్న వైపు తిరిగింది. "మరి నువ్వేం చేసినావు సార్? కొట్టల్యా ఈ సారును?"

"యాల కొట్టేది?" అన్నాడు అన్న, కోన్లు చంకలో పెట్టుకుని. "సెలవు దినం ఇంట్లో పండుకోకుండా వారం వారం ధర్మవరానికి తెప్పిస్తాండా. సచ్చేదాంక తెప్పిస్తా. ఇంగ లేయండి, ఎండ పడ్తాది."